కొత్తకు ముందు మొర్రిపండ్లు

పై అంతస్తులో ఉండే ఆవిడ ఏదో నోము నోచుకుని గిన్నెడు పాయసం పంపింది. మా అమ్మాయి అందులోని సారపప్పులన్నీ చెంచాతో తీసి, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు పళ్ళెం అంచుకు నెట్టేసింది. ఎందుకే అంటే, చప్పగా ఉన్నాయంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పోగంతా తీసి నోట్లో వేసుకున్నాను. మొదట నిజంగానే చప్పగా ఉంటుంది. కాస్త నమిలి ఆగాలి. అప్పుడు నాలుక వెనకెక్కడో పాల తీపి మొదలవుతుంది. దానితోపాటే ఎండుటాకుల వాసన, ఇప్పపూల వాసన, అమ్మమ్మ చుట్ట వాసన వచ్చాయి. ఆ తర్వాత పిల్ల ఏదో అడుగుతూనే ఉంది, నాకు వినపడలేదు.

సారపప్పంటే షాపులో దొరికే పప్పని అందరూ అనుకుంటారు. అది మొర్రిపండులోని గింజ పగలగొడితే వచ్చే పప్పు. మొర్రి అడవి చెట్టు, ఎవరూ నాటరు. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఎండాకాలం నడిమికి వచ్చేసరికి గుత్తులు గుత్తులుగా చిన్న చిన్న కాయలు కాసి, పచ్చనివి ఎర్రబడి, ఎర్రనివి నల్లబడతాయి. నల్లబడ్డ పండు నోట్లో వేసుకుంటే పులుపూ తీపీ కలిసిన గుజ్జు కొంచెమే ఉంటుంది. ఆ కొంచెం కోసమే మేం చచ్చేవాళ్ళం. పండు తిని గింజ ఉమ్మేసేది పిల్లలు, గింజ కోసం పండు ఏరేది పెద్దవాళ్ళు.

టేకులపల్లిలో బస్సు దిగి, ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే కాలినడకన అడవిలోకి పోతే మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వచ్చేది. ఇప్పుడు పోయినా రాదు. ఊరున్న చోట పెద్ద గొయ్యి ఉంది, బొగ్గు తీస్తున్నారు. మా నాన్న బతుకంతా చేసింది బొగ్గు పనే, మేం తిన్నది ఆ అన్నమే. కాబట్టి ఈ విషయంలో ఎవర్ని తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

గని క్వార్టర్సులో మా ఎండాకాలాలు ఘోరంగా ఉండేవి. ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము, కుళాయి దగ్గర కొట్లాటలు. పరీక్షలు అయిపోవడం ఆలస్యం, అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గరికి తోలేసేది. ఆ ఊరి వాసన ఊరికంటే ముందే ఎదురయ్యేది. వాకిళ్ళ నిండా ఇప్పపూలు ఎండుతూ ఉండేవి. ఆ మగ్గిన తీపి వాసనకు నాకు నడుస్తూనే నిద్ర వచ్చేది. ఆ ఊళ్ళో గడిపిన రోజులన్నీ నాకు ఆ మత్తులోనే గుర్తున్నాయి. పొద్దున అంబలి తాగడం, మధ్యాహ్నం పందిరి కింద బీడీ ఆకు కట్టలు కట్టే ఆడవాళ్ళ మాటలు వింటూ పడుకోవడం, వాళ్ళు నవ్వినప్పుడు కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకోవడం. ఎవరి గురించి నవ్వారో సగమే అర్థమయ్యేది. మిగతా సగం కలలోకి వచ్చేది.

అమ్మమ్మ పొట్టిది. చేతుల నిండా పచ్చబొట్లు. ముందు పళ్ళు అప్పటికే ఊడిపోయాయి. మాట తక్కువ, చుట్ట ఎక్కువ. ఊళ్ళో ఆమెకో మర్యాద ఉండేది, అదీ మొర్రి వల్లనే.

ఆ ఊళ్ళో ఏది కొత్తగా పండినా ముందు ఊరి దేవత ముత్యాలమ్మకు పెట్టేవాళ్ళు. దాన్ని 'కొత్త' అనేవాళ్ళు. చిక్కుడుకాయకు కొత్త, మామిడికి కొత్త, మొర్రికి కొత్త. కొత్త కాకముందు ఆ కాయగానీ పండుగానీ ఎవరూ నోట పెట్టరాదు. కళ్ళ ముందు చెట్లన్నీ నల్లగా పండి ఉన్నా సరే, ఊరి పెద్ద, మేమంతా తాత అని పిలిచే ముసలాయన, చెప్పిన రోజు దాకా ఆగాల్సిందే. తర్వాతి కాలంలో ఈ ఆగడం పోయిన ఊళ్ళను కూడా చూశాను. ఒకరికంటే ఒకరు ముందు దక్కించుకోవాలని పచ్చికాయలే దూసేశారు, కొమ్మలే నరికేశారు. అక్కడ మొర్రి చెట్లు లేకుండా పోయాయి.

మొర్రి కొత్తకు అమ్మవారి ముందు మొదటి దొప్ప పెట్టే హక్కు మా అమ్మమ్మది. వాళ్ళ అత్త నుంచి వచ్చింది. దానికోసం ఆమె ఒక్కతే ముందుగా కాసిని పండ్లు కోసేది. కొన్నింటిని నానబెట్టి, గుజ్జంతా పోయేలా రుద్ది, గింజలు ఎండబెట్టేది. ఆ గింజలు పగలగొట్టడమే అసలు పని. ఇసుర్రాయి పై రాయిని పూర్తిగా దించితే పప్పు పిండైపోతుంది, ఎత్తితే గింజ పగలదు. ఆమె ఒక చేత్తో రాయిని కొద్దిగా తేల్చి పట్టుకుని, రెండో చేత్తో నిద్రపోతున్న బిడ్డ ఊయల ఊపినంత మెల్లగా తిప్పేది. పప్పు చెక్కుచెదరకుండా బయటికొచ్చేది. దాన్ని బెల్లంతో కలిపి, పైన నాలుగు పండ్లు పెట్టి, మోదుగాకు దొప్పలో అమ్మవారికి తీసుకుపోయేది. ఇంత చేసి ఆమె వేలు కూడా నాకేది కాదు. నేను అడిగితే, "ముందు ఆమెకు, ఎన్క మనకు" అనేది.

మాకు అంత నిగ్రహం ఎక్కడిది. ఆ రోజుల్లో తాత ఊరి మొదట్లో కానుగ చెట్టు కింద మంచం వేసుకుని కూర్చునేవాడు. అడవిలోంచి వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లగాడినీ ఆపి, "నాలిక సూపెట్టు" అనేవాడు. మొర్రిపండు నేరేడంత కాకపోయినా నాలుకకు నల్లటి మరక పెడుతుంది. మేము పచ్చి మామిడికాయ నమిలి, బూడిద రుద్దుకుని వచ్చేవాళ్ళం. ఒకసారి అందరం పొయ్యిలో బొగ్గు నమిలి, నల్లటి నాలుకలతో వరసగా వచ్చి నిలబడ్డాం. తాత ఒక్కొక్క నాలుకా చూసి, చివరికి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అందరు తిన్నట్టే, పోయి గొడ్లకు నీళ్ళు తోడుండ్రి" అన్నాడు. పిల్లల తప్పు అంతటితో పోయేది. పెద్దవాళ్ళ తప్పు అలా పోదని మాకూ తెలుసు.

ఒక ఏడు నేను పోయేసరికి ఇంట్లో అత్త ఉంది. మా మామ పెళ్ళాం. ఎర్రుపాలెం వైపు నుంచి వచ్చింది. పొలాల ఊరి పిల్ల. చుట్టూ అడవి ఉంటే ఆమెకు ఊపిరాడేది కాదు. "ఏంటీ", "వచ్చేశాడా" అని ఆమె మాట్లాడుతుంటే బావి దగ్గర ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆ మాట ఇష్టం. రాత్రి పడుకున్నాక వాళ్ళ ఊరి కాలువ గురించి చెప్పించుకునేదాన్ని.

నవ్వులతో ఆగితే బాగుండేది. వచ్చిన ఏడే ఆమెకు కడుపు పోయింది. అదే వానాకాలంలో మామ ఎడ్లలో ఒకటి చనిపోయింది. అప్పటినుంచి కొందరు, "ఆ పిల్ల కాలు మంచిది కాదు" అనడం మొదలుపెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు. పందిరి కింద, నేను నిద్రపోయాననుకుని అంటారు.

ఇప్పుడు అత్త మళ్ళీ నీళ్ళోసుకుంది. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. అన్నం పొద్దున తింటే మధ్యాహ్నానికి వాంతి. చింతచిగురు పప్పు, మామిడికాయ చారు, ఉప్పు చల్లిన జొన్న గటక, అమ్మమ్మ అన్నీ చేసి చూసింది. మామ సంత నుంచి నిమ్మకాయలు తెచ్చాడు. ఏదీ నిలవలేదు. అత్త చేతి గాజులు మోచేతి దాకా జారేవి. వాంతి చప్పుడు విన్నప్పుడల్లా అమ్మమ్మ చుట్ట ఆర్పేసేది.

ఒక మధ్యాహ్నం అత్తా నేనూ బట్టలు ఉతకడానికి వాగుకు పోయాం. ఆమె బండ మీద బట్టలు బాదుతుంటే నేను తువ్వాలుతో చేపపిల్లల్ని పడుతూ మలుపు దాటిపోయాను. ఆ వాగు నీళ్ళు మోకాలి లోతే, అడుగున ఇసక కదలడం కనిపించేది. నీళ్ళలో ఎంతసేపు ఉన్నానో తెలియదు. తిరిగి వచ్చేసరికి చప్పుడు లేదు. అత్త ఒడ్డున ఉన్న మొర్రి చెట్టు కింద కూర్చుని ఉంది. ఒడి నిండా నల్లటి పండ్లు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటోంది. చుట్టూ గింజలు. ఆమె మొహం అంత నెమ్మదిగా ఉండగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"అత్తా, ఇంకా కొత్త కాలే" అన్నాను.

"కొత్తేంటి?" అంది కళ్ళు తెరిచి.

ఆమెకు నిజంగా తెలియదు. కిందటి ఎండాకాలమూ, చిక్కుడు కొత్తప్పుడూ పుట్టింట్లో ఉంది. మామిడి కొత్తప్పుడు వాంతులతో లోపల పడుకుని ఉంది. ఆ ఊళ్ళో అందరికీ ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు. అందుకని ఎవరూ ఎవరికీ చెప్పరు. అమ్మమ్మ కూడా చెప్పలేదు. అన్నం కుడిచేత్తో తినమని కోడలికి ఎవరు చెబుతారు?

నేను చెప్పాను. వింటూ వింటూ ఆమె మొహం పాలిపోయింది. మిగిలిన పండ్లు పారేయబోయి, అదింకా పెద్ద తప్పవుతుందేమోనని కొంగున ముడేసుకుంది. నాకు తెలిసిన విద్యలన్నీ చెప్పాను, పచ్చి మామిడికాయ, బూడిద. ఆమె తల అడ్డంగా ఊపుతూ నడిచింది. ఊరి మొదట్లో తాత నన్ను ఆపి నాలుక చూశాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కన నిలబడింది. తాత ఆ కొంగు వైపు చూసి తల దించుకున్నాడు. కోడళ్ళ నాలుకలు ఎవరు చూస్తారు. "జల్దీ పోండ్రి, మబ్బు పట్టింది" అన్నాడు.

ఆ సాయంత్రమే గాలిదుమారం వచ్చింది. పొద్దు ఇంకా ఉండగానే చీకటైంది. రేకులు ఎగిరిపోయాయి, వడగళ్ళు పడ్డాయి. గాలి తగ్గాక మేం బయటికి వస్తే అడవంతా పచ్చి వాసన. మొర్రి చెట్ల కింద నేల కనపడటం లేదు. పండిందీ, పండనిదీ అన్నీ రాలిపోయి, వడగళ్ళ కింద నలిగి ఉన్నాయి. పచ్చికాయలో పప్పు పట్టదు, ఎందుకూ పనికిరాదు. వానాకాలం దాకా ఊరికి ఉప్పూ బట్టా ఆ గింజల వల్లే. ఆడవాళ్ళు చెట్ల కింద అలా నిలబడిపోయారు. ఎవరూ ఏడవలేదు.

చూస్తుండగానే తాత మంచం చుట్టూ అందరూ చేరారు.

"గింత గాలి ఎన్నడన్న సూసినమా? ఎవలో ముందుగాల తిన్నరు" అన్నారొకరు.

"వాగు కాడ మొర్రి కింద గింజలున్నయ్. పొద్దుగాల లెవ్వు, గాలి రాకముందు సూసిన. ఇయ్యాల ఉమ్మినయే" అంది మా పక్కింటి పెద్దమ్మ.

ఇంకెవరో అన్నారు, "కొందరి కాలు గట్ల ఉంటది." పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు.

నేను ఇంటికి పరిగెత్తాను. అప్పటికే అత్త అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. "నాకు తెలీదత్తయ్యా. చూడగానే చెయ్యి ఆగలేదు. నేనే తిన్నాను. ఊరందరి నోటికాడిది నేనే పోగొట్టాను."

అమ్మమ్మ అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "కడుపుల నిలిచినయా, కక్కినవా?"

"నిలిచాయి" అంది అత్త, ఏడుపులోనే ఆశ్చర్యపోయి.

"మంచిగయింది" అంది అమ్మమ్మ. బయట నుంచి మాటలు పెద్దవవుతున్నాయి. "నేను పోయి ఒప్పుకుంటాను" అని అత్త లేవబోయింది. అమ్మమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కూసో. నువ్వు ఒప్పుకుంటే దండుగ ఏస్తరు, అది పెద్దది కాదు. రేపు నీ కడుపుకు ఏమన్న అయితే ముత్యాలమ్మ కొట్టింది అంటరు. వాళ్ళు అనకున్నా నువ్వే అనుకుంటవ్. గా భయం లోపల పెట్టుకోని బిడ్డను ఎట్ల మోస్తవ్?"

"మరి మీకు భయం లేదా అత్తయ్యా?"

"ఉన్నది. అమ్మకు నేను ఎర్కే, నేనే చెప్పుకుంట" అంటూ అత్త కొంగు ముడి విప్పింది. గుప్పెడు పండ్లు తీసుకుంది. వాటిని చూసింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. పుట్టి బుద్ధెరిగాక కొత్తకు ముందు ఒక్క పండు నోట పెట్టిన మనిషి కాదు. కళ్ళు మూసుకుని మొత్తం నోట్లో పోసుకుంది. పళ్ళు లేని చిగుళ్ళతో మెల్లగా నమిలింది, గింజలు చేతిలోకి ఉమ్మింది. "ఇంకా పులుపున్నయ్" అని చెప్పి బయటికి నడిచింది.

ఆమె రాగానే అందరూ దారి ఇచ్చారు. మొదటి దొప్ప పెట్టే మనిషి కదా, ఏం చేయాలో చెప్పడానికి వచ్చిందనుకున్నారు.

"అన్నా, నేనే తిన్న" అంది.

తాత తలెత్తాడు. "నువ్వా చెల్లె?"

"నేనే. నోరు ఆగలే."

తాత చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "నాలిక సూపెట్టు" అన్నాడు చివరికి, మెల్లగా. కొంగు కప్పుకుని, వెన్ను నిటారుగా నిలబెట్టి, ఊరందరి ముందు మా అమ్మమ్మ చిన్నపిల్లలా నాలుక బయట పెట్టింది. తాత కందిలి దీపం ఎత్తి చూశాడు.

"అవ్. తిన్నవ్" అన్నాడు.

దండుగ కింద ఒక కోడి. ఇకనుంచి ప్రతి కొత్త నాడు వరసలో అందరికంటే చివర కూర్చోవాలి. అవి ఆమె లెక్క చేసేవి కావు. "ముందు తిన్న చెయ్యి ముందు పెట్టరాదు. ఇగ ఆ దొప్ప వేరే చెయ్యి పడుతది" అన్నప్పుడు మాత్రం ఆమె పెదవులు కదిలాయి. "కానీ అన్నా" అని వెనక్కి తిరిగి వచ్చేసింది. నేను ఆమె కొంగు పట్టుకుని నడిచాను. ఇంటికి వచ్చాక ఆమె చుట్ట కూడా ముట్టించలేదు.

గాలికి మిగిలిన కాసిని పండ్లతోనే ఆ ఏడు కొత్త చేశారు. దొప్ప ఇంకొకామె మోసింది. వరస చివర అమ్మమ్మ కూర్చుంది, ఆమె పక్కనే అత్త. కడుపుతోటి ఉన్నదానివి, ముందు తినరాదా అని ఆడవాళ్ళు ఎంత చెప్పినా అత్త వినలేదు. "అత్తయ్య తిన్నాకే" అంది. ఆకులో పండ్లు పెట్టుకుని, నోరూరుతున్నా కూర్చుంది.

వానలు వెనకబట్టాక ఆడపిల్ల పుట్టింది. బతికింది, పెరిగింది, ఇప్పుడు ఖమ్మంలో నర్సు. గట్టిగా మాట్లాడుతుంది, ఎవరికీ భయపడదు.

కాని అమ్మమ్మ పోగొట్టుకున్నది తిరిగి రాలేదు. తర్వాతి ఎండాకాలాల్లో నేను పోయినప్పుడు చూసేదాన్ని. కొత్త నాడు పొద్దున్నే లేచేది. తలకు పోసుకునేది, ఉతికిన చీర కట్టేది, కొప్పు ముడి వేసుకునేది. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక గడప మీద కూర్చునేది. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉండేవి. అత్త అన్నం వండుతూ ఆమె వైపు చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగేది. ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోవడం నేను వినలేదు. ప్రతి ఏడూ వరస చివర ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

అమ్మమ్మ ఒక చలికాలం పోయింది. తాత అంతకుముందే పోయాడు. అప్పటికి గని కోసం ఊరు ఖాళీ చేయాలని కాగితం వచ్చింది. సగం ఇళ్ళు కాలనీకి తరలిపోయాయి, దొప్ప మోసే ఆమె కూడా వాళ్ళతో వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలం చేసేదే చివరి మొర్రి కొత్త అని అందరికీ తెలుసు. అప్పటికి నేను చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. అమ్మతోపాటు నేనూ వెళ్ళాను.

పక్కింటి పెద్దమ్మ, అప్పటికి నడుము వంగిపోయింది, దొప్ప తెచ్చి అత్తకు అందించింది. అత్త వెనక్కి జరిగింది. "నేను పట్టకూడదు పెద్దమ్మా. ఆ ఏడు ముందు తిన్నది నేను. మా అత్తయ్య కాదు."

పెద్దమ్మ దొప్ప వెనక్కి తీసుకోలేదు.

"ఎర్కే బిడ్డా. వాగు కాడ గింజలు సూసింది నేనే గద. నీ కాలి మట్టెల గురుతు ఇసకల ఉండె, గసొంటివి ఊళ్ళె ఇంకెవలకు లెవ్వు. అందరికి ఎర్కే. తాతకు సుత ఎర్కే."

అత్త మొహం ఎర్రబడింది. అంత కోపం ఆమెలో ఉందని నాకు తెలియదు. "తెలిసీ ఇన్నేళ్ళు ఆమెను చివర కూర్చోబెట్టారా? కొత్త రోజున ఖాళీ చేతులతో గడప మీద కూర్చునేది. మీరంతా ఆమె ముందునుంచే దొప్ప తీసుకుపోయారు. ఒక్కరు, ఒక్కరైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే ఆమె జాగల నిన్ను కూసోబెట్టాలె గద" అంది పెద్దమ్మ. "ఆమె అంత పని చేసింది నీకోసం. మేము చెప్పి అది ఖరాబు చేస్తమా?"

పక్కనే ఉన్న అత్త కూతురు, ఏం జరుగుతోందో తెలియక, తల్లి చెయ్యి పట్టుకుంది. అత్త కళ్ళు తుడుచుకుని దొప్ప అందుకుంది, నెత్తిన పెట్టుకుంది. మేమందరం వెనక నడిచాం. అమ్మవారి ముందు దొప్ప దించి, అత్త చాలాసేపు లేవలేదు. ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తర్వాత మాకు ఆకుల్లో పండ్లు పెట్టారు. ఆ ఏడు పండ్లు బాగా పండాయి.